ఖాసిం కాలికింది బ్రేకు

ఖాసిం పికప్పుకు బ్రేకులు పడడం లేదన్న సంగతి జనగామ బండ్ల అడ్డా మొత్తానికి తెలుసు. అన్నివేళలా పడవని కాదు. బజారులో పడతాయి, హైవే మీద పడతాయి, మెకానిక్కు తొక్కితే పడతాయి, మొన్ననే లైసెన్సు తెచ్చుకున్న ఆయన బిడ్డ హుమేరా తొక్కితే నిక్షేపంగా పడతాయి. ఖాసిం ఒక్కడే భూపాలపల్లి దారిన పోతూ, చెల్పూర్ ఇంకా రాకముందు అడవిలో ఉన్న ఆ పెద్ద దిగుడులోకి వచ్చాడా, అంతే! ఒకసారి తొక్కితే ఆగుతుంది. రెండోసారికి ఆగీ ఆగనట్టు ఆగుతుంది. మూడోసారికి పెడల్ బండరాయై కూచుంటుంది. సీట్లోంచి లేచి నిలబడి తొక్కినా కిందికి దిగదు.

బండి పాతదే, కాదనను. తలుపు పడాలంటే భుజంతో ఒక పోటు పొడవాలి. హారన్ తనకు బుద్ధి పుట్టినప్పుడు మోగుతుంది. అయినా ఖాసిం దాన్ని చూసుకున్నంత ముద్దుగా కొత్త అల్లుణ్ని కూడా ఎవరూ చూసుకోరు. ఆయన భార్య ముంతాజ్‌కు వంటసామాను కిరాయికిచ్చే కొట్టు ఉంది. డేగులు, గుండిగలు, జాలిగరిటెలు, ఇనుప పొయ్యిలు. బచ్చన్నపేటలో పెళ్లయినా, మహబూబాబాద్‌లో దావతయినా బిర్యానీ ఉడికేది ముంతాజ్ డేగులోనే. వాటిని మోసుకుపోయి దించేది ఖాసిం. అప్పుడప్పుడు ముంతాజ్ కూడా పక్కసీట్లో కూచుని పోతుంది. కొట్టు ఆమెది, బండి తనది అని ఆయన లెక్క. బండి కాగితాల మీద ఎవరి పేరుందో మాత్రం మీరు అడగకండి, ఆయన చిన్నబుచ్చుకుంటాడు.

ఆ ఇంట్లో రెండు భాషలు నడుస్తాయి. ముంతాజ్‌కు ప్రేమ వస్తే ఉర్దూ, కోపం వస్తే తెలుగు. పెళ్లయిన నాటి నుంచి ఖాసిం చెవిన ఎక్కువగా పడింది తెలుగే.

బ్రేకు మొదటిసారి రాయైనప్పుడు ఖాసిం ఎలాగో గేర్లు వేసి, చెట్ల పక్కకు తిప్పి, బతికి బట్టకట్టి ఇల్లు చేరాడు. చేరినవాడు నేరుగా వెంకటేశ్ షెడ్డుకు పోయాడు. వెంకటేశ్ అంటే జనగామలో పేరున్న మెకానిక్కే. పేరుకు తగ్గ నోరు కూడా ఉంది. నాలుగు చక్రాలూ ఊడదీశాడు. లైనర్లు చూసి పెదవి విరిచాడు. పైపుల్లో గాలి చేరిందని గాలి తీశాడు. తీసి, చేతులు తుడుచుకుంటూ ఒక మాట అడిగాడు.

"ఖాసిం భాయ్, జర సోంచాయించి చెప్పు. ఇంజిన్ చాలు ఉండంగనే పెడల్ గట్టిపడ్తాందా?"

అడగాల్సిన మాటే అడిగాడు మహానుభావుడు. కానీ అడగకూడని వేళ అడిగాడు. ఆ సమయానికి ముంతాజ్ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

ఖాసిం ఓరకంట గుమ్మంవైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ... చాలు ఉండంగనే. ఇంజిన్ ఎందుకు బంద్ చేస్త? నాకేమన్న పిచ్చా?" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే వెంకటేశ్‌లాగే మీరూ తిప్పలు పడతారు.

దిగుడు వచ్చిందంటే ఖాసిం బండిని న్యూట్రల్‌లో వేసి తాళంచెవి తిప్పేస్తాడు. ఇంజిన్ ఆగిపోతుంది. బండి దానంతటదే జారుకుంటూ పోతుంది. చుక్క డీజిలు ఖర్చు కాదు. అడ్డాలో అందరూ ఆయన్ను మైలేజ్ ఖాసిం అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆ రోజు అన్నం ఒక ముద్ద ఎక్కువ తింటాడు. డీజిలు సంగతి అలా ఉంచండి, అసలు రుచి ఆ నిశ్శబ్దంలో ఉంది. అంతవరకూ గడగడలాడిన బండి ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. అటూ ఇటూ టేకుచెట్లు, టైర్ల కింద గాలి. ఖాసిం ఒక పాట అందుకుంటాడు. పెళ్లి కాక ముందు ఎలా పాడేవాడో అలాగే పాడతాడు, అంటే శ్రుతి లేకుండా.

ఒకసారి రఘునాథపల్లి దగ్గర ముంతాజ్ పక్కనుండగానే ఈ విద్య ప్రదర్శించాడు. పాత తాళం కదా, చెవి ఊడి చేతికొచ్చింది, స్టీరింగ్ బిగుసుకుపోయింది. బండి తిన్నగా పోయి వరిమడిలో దిగబడింది. మోకాళ్ల దాకా బురదలో నిలబడి ముంతాజ్ మొగుడి చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఇంకోసారి నడుస్త ఉన్న బండి ఇంజిన్ బంద్ చెయ్యనని ఒట్టెయ్" అంది. తెలుగులో అంది. ఖాసిం ఒట్టేశాడు.

వెయ్యడం నిజంగానే వేశాడు. వేసిన మర్నాటి నుంచి ఆ ఒట్టు మెడకు ఉరితాడై కూచుంది. ప్రతి దిగుడూ ఆయన్ను చూసి నవ్వినట్టుండేది. ఆలోచించగా ఆలోచించగా చివరికి ఒక దారి దొరికింది. ఒట్టు ఎవరిమీద వేశాడు? ముంతాజ్ మీద. కాబట్టి ముంతాజ్ బండిలో ఉన్నంతసేపూ ఒట్టు ఉన్నట్టు. ఆమె దిగిందంటే ఒట్టూ దిగినట్టే. చూశారా తెలివి! ఇలాంటి తెలివితేటలు మగవాళ్లకు వంటింటి గుమ్మం దాటగానే ఎక్కడినుంచి వస్తాయో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మరి ఇన్నేళ్లూ లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది? ఆ అడవి దిగుడు మీద ఎవరో లారీని గొర్రెల మీదికి ఎక్కించారు. గోల జరిగి, మొన్నీమధ్యే అక్కడ వరసగా స్పీడు బ్రేకర్లు పోశారు. ఇదివరకు ఆ దిగుడంతా బ్రేకు ముట్టకుండా జారిపోయేవాడు. ఇప్పుడు గజానికో గడ్డ, గడ్డ గడ్డకూ బ్రేకు తొక్కాలి. ఇంజిన్‌కూ బ్రేకుకూ ఏదో చుట్టరికం ఉంటుందని ఖాసింకు తట్టనే లేదు. ఏళ్ల తరబడి బంద్ చేస్తున్నాడు, ఏనాడూ ఏమీ కాలేదు. అందుకని రోగం బ్రేకుదే అని ఆయన గట్టి నమ్మకం.

వెంకటేశ్ కూడా ఆయన్ను నమ్మాడు. ఇంజిన్ నడుస్తుండగానే గట్టిపడుతోందంటే లోపల ఏదో పోయినట్టే కదా అని లెక్కేసి, లైనర్లు మార్చాడు, పెడల్ కింది సిలిండర్ మార్చాడు, పైపులు మార్చాడు. బండి ఎక్కి బజారంతా తిప్పి, బస్టాండు ముందు కీచుమని ఆపి చూపించాడు. "చూసినవా భాయ్, ముక్కు నేలకు తాకేటట్టు ఆగుతాంది" అన్నాడు. ఖాసిం సంబరపడి వెళ్లాడు. మళ్లీ ఆ దిగుడులో పెడల్ రాయయింది.

తర్వాత మహబూబాబాద్‌లో ఒక శుభకార్యానికి డేగులు దించి, అక్కడి అబ్రహాం షెడ్డుకు తోలాడు. తోడుగా మంగీలాల్ ఉన్నాడు. మంగీలాల్‌ది ఆ పక్కనే తండా. ఆయనకూ ఒక పికప్పు ఉంది, ఖాసింకు ప్రాణస్నేహితుడు. చిక్కేమిటంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

అబ్రహాం వెంకటేశ్ పని చూసి నవ్వాడు. ఒక మెకానిక్కు చేసిన పని చూసి ఇంకో మెకానిక్కు నవ్వకపోతే ఆ రోజు సూర్యుడు పొడవడు. బానెట్ ఎత్తి, బ్రేకుకు బలమిచ్చే గుండ్రటి బూస్టర్ డబ్బాను వేలితో తట్టి, దాని గొట్టానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి, అదే మాట అడిగాడు.

"అన్నా, ఇంజిన్ చాలు ఉన్నప్పుడేనా గట్టిపడేది? పక్కానా?"

ఇక్కడ ముంతాజ్ లేదు. చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పక్కనే మంగీలాల్ పల్లీలు నములుతూ చెవులు రిక్కించి ఉన్నాడు. ఈ మాట ఆయన చెవిన పడితే ఖాసిం కంటే ముందు జనగామ చేరుతుంది.

"పక్కా" అన్నాడు ఖాసిం.

అబ్రహాం బూస్టర్ మార్చాడు. దానికి గాలి గుంజే పంపు కూడా మార్చాడు. ఆయనా తిప్పి చూశాడు, మంగీలాల్‌తోనూ తిప్పించాడు. పెడల్ మెత్తగా వెన్నలో దిగినట్టు దిగింది. ఆ తర్వాత చెల్పూర్‌కు ఒంటరిగా పోయిన ఖాసిం దిగుడు కింద నిలబడి ఫోన్ చేసి, మళ్లీ రాయయిందని మొత్తుకునేసరికి అబ్రహాంకు తలప్రాణం తోకకొచ్చింది.

"అన్నా, ఇగ నేను చేసేది ఏం లేదు. బండి మంచిగున్నది. నీ మోకాలే అరిగింది. దవాఖానకు పో!" అని ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి అబ్రహాం షెడ్డులోనే కూచుని ఉన్న మంగీలాల్ ఆ మాటకు కాళ్లు తొడిగాడు. ఖాసిం జనగామ చేరేసరికి అడ్డాలో ప్రతివాడూ బ్రేకు మాట మరిచి మోకాలిని పరామర్శించడం మొదలుపెట్టాడు. ఒకడు తైలం చెప్పాడు. ఇంకొకడు కూచుని లేవమని చూశాడు. టీ కొట్టువాడు ఆయన కోసం ప్రత్యేకంగా స్టూలు తెచ్చి వేశాడు. స్టూలు వేసినందుకు ఖాసింకు ఏడుపు ఒక్కటే తక్కువ.

ఇంటికి పోతే ముంతాజ్ అన్నం వడ్డించి ఎదురుగా కూచుంది.

"ఎంకటేశ్ తొక్కితె పడ్తాంది, అబ్రహాం తొక్కితె పడ్తాంది, పోరి తొక్కితె పడ్తాంది. నీకే పడ్తలేదంటే ఏందన్నట్టు? ఇంకొక్కసారి బ్రేకు పడలేదని నా చెవుల వడ్డదో, స్టీరింగ్ హుమేరాకే. నువ్వు కొట్ల కూసోని గరిటెలు తోముకో" అంది.

"హుమేరాకా? అది నిన్నగాక మొన్న నేర్చుకున్నది!"

"నిన్నగాక మొన్న నేర్చుకున్నదానికి బ్రేకు పడ్తాంది కద!"

ఖాసిం చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆయనకు స్టీరింగ్ అంటే పని కాదు. ఇంట్లో, కొట్లో, పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ఇది ఇక్కడ పెట్టు, అది అక్కడ దించు అంటూనే ఉంటారు. బండి తలుపు భుజంతో పొడిచి వేసుకున్నాక ఆ క్యాబిన్‌లో ఆయనకు చెప్పేవాడు లేడు. అక్కడ ఆయనే నవాబు. ఆ సీటు పోతే ఇంకేం మిగిలింది? కన్నకూతురే అయినా ఆ సీటు ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు.

మర్నాడు అడ్డాలో మంగీలాల్ ఒక కొత్త సంగతి బయటపెట్టాడు.

"ఖాసిం భాయ్, ఒకటి గమనించినవా? భాభీ బండిల ఉన్ననాడు బ్రేకు ఎన్నడన్న ఫేలయిందా?"

కాలేదు. ఎలా అవుతుంది? ఆమె ఉన్ననాడు ఇంజిన్ బంద్ కాదు కదా! ఖాసిం మాత్రం ఆ లంకె కనిపెట్టకుండా నోరు తెరిచాడు. "అవును రా! ఒక్కనాడు గూడ కాలే!" అన్నాడు. ఇక చూడండి. ముంతాజ్ చెయ్యి మహిమ గలదని అడ్డా మొత్తం తీర్మానించేసింది. స్టీరింగ్ నిలుపుకోవడానికి ఖాసింకూ ఇదొక ఆధారం దొరికింది. ప్రతి కిరాయికీ ముంతాజ్‌ను బతిమాలి ఎక్కించుకోసాగాడు. బ్రేకులు చక్కగా పడ్డాయి. మూడో రోజుకల్లా జగపతి అనే ఆసామి తన ట్రాక్టర్ తోలుకొచ్చి కొట్టు ముందు ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, జర అయిదు నిమిషాలు నా ట్రాక్టర్ మీద గూడ కూసో. బ్రేకు ఒక పక్కకే గుంజుతాంది" అన్నాడు.

"నేనేమన్న తాయెత్తునా జగపతీ?" అని ముంతాజ్ జాలిగరిటె ఎత్తింది. అయినా జగపతి మొహం చూసి జాలిపడి, బుర్ఖా సర్దుకుని ఎక్కి కూచుంది. బజారు బజారంతా బయటికొచ్చి చూసింది. ట్రాక్టర్ బ్రేకు బాగుపడలేదు గానీ, జగపతి మాత్రం చాలా మేలు కనిపించిందని చెప్పుకు తిరిగాడు.

అంతా బాగానే ఉంది, ఖాసిం ప్రాణమే బాగా లేదు. పక్కన ముంతాజ్ ఉంటే దిగుడు దిగినట్టే ఉండదు. ఇంజిన్ గడగడలాడుతూనే ఉంటుంది, డీజిలు ముల్లు కళ్లముందే పడిపోతూ ఉంటుంది. దిగుడు రాగానే చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి పోతుంది. పోయి, సగంలో ఉలిక్కిపడి, మోకాలు గోక్కుని వెనక్కి వస్తుంది. ఆ వెంటనే ఇంత పొడుగు నిట్టూర్పు. చావు ఇంటి ముందు నుంచి పోతున్నవాడు కూడా అంత బరువుగా నిట్టూర్చడు. ముంతాజ్ చూసీ చూడనట్టు కిటికీలోంచి టేకుచెట్లు చూస్తూ కూచునేది. ఏమీ గమనించలేదులే అని ఖాసిం ధీమా. ఆడది మాట్లాడకుండా కూచుందంటే గమనించలేదని అర్థమా? ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ!

ఇంతలో చెల్పూర్‌లో ఒక పెళ్లి కుదిరింది. పెద్ద కిరాయి, బండి నిండా డేగులు. పొద్దున్నే బయల్దేరే వేళకు ముంతాజ్ నడుం పట్టుకుని మంచం మీద వాలింది. తనతో కాదని, నడుం పట్టేసిందని, ఆయన్నే పొమ్మని, పైలంగా ఉండమని ఉర్దూలో, ఎంతో ప్రేమగా చెప్పింది. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా?

రాలేదు. "అయ్యో, నడుమా?" అని మొహం వేలాడేసుకున్నాడే గానీ, లోపల ఆయన మనసు గంతులేసింది. బ్రేకు సంగతి గుర్తుకొచ్చి ఒక్క క్షణం తటపటాయించాడు. ఫేలయితే స్టీరింగ్ పోతుంది. కానీ ముంతాజ్ ఎక్కినప్పటినుంచి ఇన్నాళ్లూ చక్కగా పడుతోంది, కొత్త బూస్టర్ కుదురుకున్నట్టుంది, రోగం నయమైనట్టే. ఒకవేళ కాకపోయినా చెప్పేదెవరు, అడవిలో చెట్లా? ఈసారి ఎవరికీ ఫోన్ చెయ్యకుండా ఉంటే సరి. హుమేరా టార్పాలిన్ తాళ్లు బిగించి, "పో అబ్బా, ఖుదా హాఫిజ్" అని తండ్రికి చెయ్యి ఊపింది. ఆ పిల్ల మరీ అంతలా నవ్వుతూ ఎందుకు ఊపిందో కూడా ఆయన ఆలోచించలేదు.

వరంగల్ దాటాడు, పరకాల దాటాడు. మధ్యలో టీ కోసం ఆగి, అలవాటుగా టార్పాలిన్ ఒక పక్క ఎత్తి సామాను చూసుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద డేగు మీద మూత కాస్త పక్కకు జరిగినట్టుంటే సరిగ్గా పెట్టాడు. మళ్లీ బండెక్కాడు.

అడవి వచ్చింది. ఎండ చెట్ల సందుల్లోంచి రోడ్డు మీద పడుతోంది. దిగుడు మొదలైంది. ఖాసిం ఒకసారి పక్కసీటు వైపు చూశాడు. ఖాళీ. న్యూట్రల్‌లో వేసి తాళంచెవి తిప్పాడు.

ఆహా! గడగడ ఆగిపోయింది. వెనక డేగుల మూతల చప్పుడు కూడా సద్దుమణిగింది. ఎక్కడో పిట్ట కూసింది. ఎన్నాళ్లకు! ఖాసిం గొంతు విప్పి పాట అందుకున్నాడు.

మొదటి గడ్డ వచ్చింది, తొక్కాడు. పడింది. రెండోది వచ్చింది, తొక్కాడు. కాస్త గట్టిగా అనిపించింది గానీ పడింది. పాట ఆపలేదు. మూడోది దగ్గరికొచ్చింది. తొక్కాడు. రాయి!

పాట సగంలో తెగింది. బండి గడ్డ మీద ఎగిరిపడింది. డేగులు ఒకదానితో ఒకటి గుద్దుకున్నాయి. ఖాసిం సీట్లోంచి లేచి రెండు కాళ్లతో తొక్కాడు. దిగదే! దిగుడు కింద గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. చేతిబ్రేకు గుంజితే బొక్కెన తెగిపడిన తాడులా తేలిగ్గా పైకొచ్చింది. గేరు వెయ్యబోతే గర్రుమని కరిచింది తప్ప పడలేదు. ఆయన కంగారుగా అద్దంలోకి చూశాడు.

అద్దంలో, డేగుల మధ్యలోంచి, టార్పాలిన్ చీల్చుకుని నల్లటి ఆకారం ఒకటి లేచి నిలబడింది. దాని చేతిలో ఇంత పొడుగు గరిటె ఉంది.

"యా అల్లా! జిన్ను!" అని ఖాసిం కేక పెట్టాడు.

ఆ ఆకారం క్యాబిన్ వెనక అద్దం మీద గరిటెతో ధనధనా బాదింది. "ఇంజిన్ చాలు చెయ్! చాలు చెయ్యవయ్యా, చాలు చెయ్!" అని అరిచింది.

జిన్నులు తెలుగులో తిట్టవు. అది ఏ గొంతో ఖాసిం బుర్రకు తెలియకముందే ఆయన చేతికి తెలిసింది. ఇన్నేళ్లుగా ఆ గొంతు ఏం చెబితే అది చేసిన చెయ్యి కదా! తాళంచెవి తిరిగింది. ఇంజిన్ బొంయ్యిమని లేచింది. కాలి కింద రాయల్లే ఉన్న పెడల్ రెండు క్షణాలు ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మెత్తగా కిందికి దిగిపోయింది. బండి కీచుమంటూ పోయి, చిట్టచివరి గొర్రెకు జానెడు దూరంలో ఆగింది. ఆ గొర్రె తలెత్తి ఖాసింను చూసి, తొందరేమీ లేకుండా రోడ్డు దాటింది. దాన్ని తోలుకుపోతున్న గొల్లాయన తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను.

ముంతాజ్ వెనకనుంచి దిగింది. పొద్దున ఆయన కంటపడకుండా సామాను మధ్య ఎక్కి దాక్కుంటే, పైన తాళ్లు బిగించింది హుమేరాయేనట. టీ కొట్టు దగ్గర మొగుడు టార్పాలిన్ ఎత్తబోతే ఆమె గబుక్కున పెద్ద డేగులో దూరి మూత మీదికి లాక్కుందట. ఆయన ఆ మూత సరిగ్గా మూసి మరీ పోయాడు కాబట్టి, లోపల ఊపిరాడక తిట్టుకుంటూ కూచుందట. బుర్ఖా నిండా మసాలా వాసన. వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, అబ్రహాంకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"అబ్రహాం తమ్మీ, ఇంజిన్ బంద్ చేసి బండి దించితె బ్రేకు పడ్తదా?"

"ఎట్ల పడ్తదక్కా? ఇంజిన్ నడిస్తెనే కద పంపు గాలి గుంజేది, బ్రేకుకు బలమొచ్చేది! బంద్ చేస్తె ఒకట్రెండు తొక్కుళ్లకు ఆగుతది, ఆ మీద రాయే." అంతలోనే ఆయన గొంతు పెరిగింది. "ఆగు... ఆగక్కా. ఖాసిం అన్న బంద్ చేస్తుండా? నేను అడిగిన! పక్కానా అని అడిగిన! పక్కా అన్నడు! అరె, నా బూస్టరు, నా పంపు..."

ముంతాజ్ ఫోన్ ఆపేసింది. ఖాసిం స్టీరింగ్ మీదికి తల వాల్చేశాడు. బ్రేకుకు ఏ రోగమూ లేదు. మోకాలికీ లేదు. ఇన్నాళ్లూ ఇద్దరు మెకానిక్కులను కుక్కల్లా తిప్పింది తన నోటి అబద్ధమే.

"ఒట్టేసినవ్" అంది ముంతాజ్.

"నిన్ను ఎక్కించుకున్ననాడు ఒక్కసారి గూడ బంద్ చెయ్యలే. ఖురాన్ సాక్షిగ చెప్తున్న" అన్నాడు ఖాసిం, తల ఎత్తకుండానే. పరువంతా పోయాక ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క నిజమే. "ఒట్టు నీ మీద వేసిన. నువ్వు ఉన్నప్పుడు తప్పలే. నువ్వు లేనప్పుడే..."

ముంతాజ్ ఇంకా తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. గరిటె కిందికి దించి, కిటికీలోంచి లోపలికి వంగి అంది.

"నేను లేకపోతేంది? నువ్వుంటివి కద లోపట."

ఒట్టును అటు తిప్పి ఇటు తిప్పి ఎన్ని సందులు వెతికాడో గానీ, ఈ మాట ఖాసింకు ఏనాడూ తట్టలేదు. కళ్లు తుడుచుకుని, తాళంచెవి తీసి కిటికీలోంచి ఆమె చేతిలో పెట్టాడు. ఎవరూ అడగకుండానే పెట్టాడు.

"ఇప్పుడెందుకు? పెండ్లోల్లు ఆకలితోని సూస్తాండ్రు. పోనియ్" అని ఆమె తిరిగిచ్చి, అటువైపు నుంచి ఎక్కి కూచుంది. చెల్పూర్ దాకా ఖాసిం చెయ్యి తాళంచెవి వైపు పోలేదు.

అడ్డాలో వారం రోజులు నవ్వుల పండగ. వెంకటేశ్ అయితే దారిన పోయే ప్రతి డ్రైవర్‌నూ ఆపి, "ఇంజిన్ చాలు ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టాడు. నవ్వినవాళ్లలో సగం మంది దిగుడులో అదే పని చేసేవాళ్లు కాబట్టి, ఇంటికి పోతూ పోతూ ఎవరికి వాళ్లు తమ తాళంచెవి వైపు ఒకసారి చూసుకున్నారు.

మళ్లీ భూపాలపల్లికి కిరాయి వచ్చిన రోజు, ముంతాజ్ ఏమీ అనకముందే ఖాసిం తాళంచెవి తెచ్చి హుమేరా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు వేళ్లు సరిగ్గా విడిపోలేదు, ఆ పిల్ల కాస్త లాక్కోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన ముందునుంచి చుట్టూ తిరిగి పోయి, పక్కసీట్లో కూచున్నాడు. తన బండిలో ఆ వైపు కూచోవడం ఆయనకదే మొదటిసారి.

హుమేరా బాగానే నడిపింది. గేర్లు మెత్తగా వేసింది, ఎద్దులబండికి దారిచ్చింది, అడవి దిగుడులో ఇంజిన్ ఆపాలన్న ఊహ కూడా రాకుండా నింపాదిగా దించసాగింది. అయినా మొదటి గడ్డ కనబడగానే ఖాసిం కుడికాలు దానంతటదే ముందుకు పోయి నేలను గట్టిగా తొక్కింది. రెండో గడ్డకూ తొక్కింది. లారీ ఎదురొస్తే, మంద కనిపిస్తే, ఊరికే మలుపు వస్తే కూడా తొక్కింది.

"అబ్బా, కాలు తియ్. ఆడ బ్రేకు లేదు" అని హుమేరా నవ్వింది.

"ఎర్కే" అని ఖాసిం కాలు తీసి కిందికి చూశాడు.

అక్కడ రబ్బరు పట్టా అరిగిపోయి ఉంది. మిగతా అంతా కొత్తదానిలా నల్లగా ఉంది. సరిగ్గా కుడిపాదం ఆనేచోట మాత్రం చిల్లు పడి, కింది రేకు తళతళలాడుతోంది. ఆ సీట్లో ఆయన ఏనాడూ కూచోలేదు, హుమేరా ఎప్పుడో ఒకసారి కూచునేది. ఆ చిల్లు పడడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో, ఒక్క మాట అనకుండా కిటికీలోంచి చెట్లు చూస్తూ ముంతాజ్ ఎన్ని దిగుళ్లు తొక్కి ఉంటుందో ఆయన ఊహించలేకపోయాడు.

"ఏంది అబ్బా, అట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. నువ్వు ముందటికి చూడు" అని ఖాసిం మళ్లీ అదే చోట కాలు పెట్టుకున్నాడు.